ఇరుంగట్టుకోట్టైలో రెండు రోజుల ట్రాక్ డే: హైదరాబాద్ నుంచి వెళ్ళిన ఒక చిన్న జట్టు సమీక్ష

జూలై చివరి శని, ఆదివారాల్లో చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టైలో ఉన్న మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌లో జరిగిన రెండు రోజుల ట్రాక్ డేకి మా జట్టు హైదరాబాద్ నుంచి మూడు బండ్లతో వెళ్ళి వచ్చింది. ట్రాక్ డే అనేది పోటీ కాదు. ఒక సంస్థ ట్రాక్‌ను రోజు లెక్కన అద్దెకు తీసుకుంటుంది, రైడర్ల దగ్గర రుసుము వసూలు చేస్తుంది, అనుభవాన్ని బట్టి వాళ్ళను మూడు నాలుగు గుంపులుగా విడదీసి, ఒక్కో గుంపును ఇరవై నిమిషాల చొప్పున ట్రాక్ మీదికి పంపుతుంది. నేను ఇక్కడ సమీక్షిస్తున్నది ఆ ఏర్పాటును. నిర్వాహక సంస్థ పేరు రాయడం లేదు, ఎందుకంటే వారితో మాకున్న ఒకే ఒక్క ఫిర్యాదు మీద ఉత్తరప్రత్యుత్తరాలు ఇంకా నడుస్తున్నాయి. పేరు తెలియకపోయినా, డబ్బు కట్టే ముందు ఏ నిర్వాహకుణ్ణి ఏమి అడగాలో ఇది చదివినవారికి తెలుస్తుందని నా నమ్మకం.

మా అభిప్రాయం ముందే చెబుతాను. ట్రాక్ మీద దొరికిన సమయం, శిక్షకుల శ్రద్ధ, మార్షళ్ళ (మలుపుల దగ్గర జెండాలతో నిలబడే భద్రతా సిబ్బంది) పనితనం, ఈ మూడింటికీ మేము కట్టిన రుసుము న్యాయమే. బండ్ల తనిఖీ విషయంలో మాత్రం ఆ మాట అనలేను. ఆ తనిఖీ సరిగ్గా జరగనందువల్ల మా కుర్రవాడు ఆదివారం ఉదయం పడ్డాడు. అతనికి పెద్ద దెబ్బలు తగల్లేదు కాబట్టే ఈ సమీక్షను ఇంత నిదానంగా రాయగలుగుతున్నాను.

మా జట్టులో నలుగురం. ముగ్గురం రైడర్లం, నాలుగో మనిషి మెకానిక్. కేటీఎం ఆర్‌సీ 390 నడిపేది బ్యాంకులో పనిచేసే మా మిత్రుడు. యమహా ఆర్15 నడిపేది మా పిన్ని కొడుకు, ఇరవై రెండేళ్ళవాడు, నిజం చెప్పాలంటే మా అందరిలో చేయి తిరిగినవాడు. నేను టీవీఎస్ అపాచీ ఆర్‌ఆర్ 310తో నెమ్మది గుంపులో తిరుగుతాను, మిగిలిన సమయంలో పిట్ (ట్రాక్ పక్కన బండ్లు ఆగే చోటు) గోడ దగ్గర నిలబడి వాళ్ళిద్దరి ల్యాప్ సమయాలు, అంటే ఒక్కో చుట్టుకు పట్టిన సమయాలు, రాస్తాను. మెకానిక్ భాయ్‌కి సికింద్రాబాద్‌లో రాణిగంజ్ వెనుక సందులో రెండు బండ్లు పట్టేంత షెడ్డు ఉంది. జీతం తీసుకోడు, దారిఖర్చులు మాత్రం అందరం కలిసి పెట్టుకుంటాం.

హైదరాబాద్‌లో ఇంత మంది రైడర్లు ఉండీ చెన్నై దాకా ఎందుకు వెళ్ళాలని చాలామంది అడుగుతారు. పెద్ద బండ్లు పూర్తి వేగంతో తిరగగల శాశ్వత ట్రాక్ మాకు నగరంలో దొరకలేదు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఇ (ఎలక్ట్రిక్ కార్ల) పోటీ జరిగినప్పుడు వేసిన 2.83 కిలోమీటర్ల వీధి ట్రాక్ ఆ పోటీతోనే ముగిసిపోయింది, ఇప్పుడు అవి మళ్ళీ మనం రోజూ తిరిగే రోడ్లే. ఔటర్ రింగ్ రోడ్డు ప్రధాన మార్గం మీదికి ద్విచక్ర వాహనాలను అసలు అనుమతించరు, అర్ధరాత్రి సర్వీసు రోడ్ల మీద వేగం చూపించే కుర్రవాళ్ళ సంగతి పోలీసులకూ ఆసుపత్రులకూ బాగా తెలుసు. మా తమ్ముణ్ణి ఆ రోడ్ల నుంచి తప్పించడానికే ఈ జట్టు పుట్టింది. కోయంబత్తూరులోని కరి మోటార్ స్పీడ్‌వే ఇంకా దూరం, గ్రేటర్ నోయిడాలోని బుద్ధ సర్క్యూట్ మరీ దూరం. అందుకని మాకు అందుబాటులో ఉన్నది ఇరుంగట్టుకోట్టై ఒక్కటే.

బయలుదేరే ముందు వారం రోజుల పని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, తరువాత జరిగిన దానికి అది ముడిపడి ఉంది. నిర్వాహకులు మెయిల్‌లో పంపిన నియమాల పత్రం బాగుంది, స్పష్టంగా ఉంది. అద్దాలు, ఇండికేటర్లు తీసేయాలి. హెడ్‌లైటు గాజు మీద టేపు అతికించాలి. ఇంజన్ ఆయిల్ డ్రైన్ బోల్టుకూ ఆయిల్ ఫిల్టరుకూ లాక్ వైర్ కట్టాలి. రేడియేటర్‌లో కూలెంట్ తీసేసి మామూలు నీళ్ళు పోయాలి. చివరి నియమం ఎందుకో కొత్తవాళ్ళకు అర్థం కాదు. బజారులో దొరికే కూలెంట్‌లో గ్లైకాల్ ఉంటుంది. అది జారుడుగా ఉంటుంది, నీళ్ళలాగా ఆరిపోదు, తారు మీద పడితే తుడిచినా పొరలాగా మిగిలిపోతుంది. పక్కకు వాలి మలుపు తిరుగుతున్న బండి చక్రం ఆ పొర మీదికి వెళ్తే రైడరు చేయగలిగింది ఏమీ ఉండదు.

లాక్ వైర్ పని నేను దగ్గర కూర్చుని చూశాను. భాయ్ డ్రైన్ బోల్టును విప్పి వైస్‌లో బిగించి, దాని తలలో ఒక మూల నుంచి పక్క మూలకు సన్నటి రంధ్రం వేశాడు. బోల్టు తల గట్టి ఉక్కు, డ్రిల్లు బిట్ సన్నం, నొక్కితే విరిగిపోతుంది. అందుకే ప్రతి అర నిమిషానికీ ఆపి, ఒక చుక్క నూనె వేసి, మళ్ళీ మొదలుపెట్టేవాడు. మొదటి బోల్టుకే రెండు బిట్లు విరిగాయి. రంధ్రం పడ్డాక బోల్టును సరైన టార్క్‌కు బిగించి, స్టీలు తీగను అందులోంచి దూర్చి, రెండు కొసలనూ మెలిపెట్టుకుంటూ ఇంజన్ మీది గట్టి చోటుకు కట్టాడు. తీగ ఎటు లాగుతుందన్నది ముఖ్యం, బోల్టు వదులయ్యే దిక్కుకు ఎదురుగా లాగాలి. అప్పుడు అదురుకు బోల్టు కదిలినా ఊడి పడదు. మా తమ్ముడు తొందరపడి, "భాయ్, వాళ్ళు ఇవన్నీ చూస్తారా?" అన్నాడు. భాయ్ తల ఎత్తకుండానే జవాబు చెప్పాడు. "వాళ్ళు చూస్తరో లేదో నాకెందుకు? నీ వెనుక వచ్చేటోడు నీ నూనె మీద పడొద్దు." మూడు బండ్లకూ కలిపి ఆ పని ఒక రాత్రి పట్టింది. బ్రేక్ ఫ్లూయిడ్ కూడా కొత్తది పోశాడు, పాతబడిన ఫ్లూయిడ్ తేమ పీల్చుకుని ఉంటుంది కాబట్టి వరుసగా గట్టిగా బ్రేకులు వేస్తే మరిగి, లీవరు చేతిలో మెత్తబడిపోతుంది.

శుక్రవారం తెల్లవారుజామున అద్దె వ్యానులో బండ్లు ఎక్కించి, నార్కట్‌పల్లి దగ్గర విజయవాడ రోడ్డు వదిలి, మిర్యాలగూడ, పిడుగురాళ్ళ, అద్దంకి మీదుగా జాతీయ రహదారి ఎక్కి, నెల్లూరు దాటి రాత్రికి శ్రీపెరుంబుదూరు చేరుకున్నాం. ఆరు వందల కిలోమీటర్లకు పైనే ప్రయాణం. దారిలో ఆగిన ప్రతిచోటా భాయ్ దిగి బండ్లకు కట్టిన పట్టీలు సరిచూశాడు. అంతకుమించి చెప్పవలసినదేమీ లేదు.

ట్రాక్ గురించి మాత్రం ఎంత చెప్పినా తక్కువే. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ కట్టిన ఈ ట్రాక్ 1990లో మొదలైంది. అంతకుముందు ఆ క్లబ్ పోటీలు సోళవరంలోని పాత విమానాల రన్‌వే మీద జరిగేవి. ఇరుంగట్టుకోట్టై ట్రాక్ పొడవు 3.717 కిలోమీటర్లు, మలుపులు పన్నెండు. చూడడానికి నేల చదునుగానే ఉంటుంది, కొండలూ లోయలూ ఏమీ ఉండవు, కాబట్టి మొదటిసారి వచ్చినవారు సులువనుకుంటారు. ప్రధాన స్ట్రెయిట్ (మలుపుల్లేని తిన్నటి దారి) చివర వచ్చే మొదటి కుడి మలుపుతోనే ఆ అభిప్రాయం పోతుంది. అందరూ సీ1 అని పిలిచే ఆ మలుపును మంచి రైడర్లు పెద్దగా వేగం తగ్గించకుండానే తిరుగుతారు. చేయి యాక్సిలరేటర్ వదలమంటుంది, కన్ను మాత్రం మలుపు అవతలి అంచును చూస్తూ ఉండాలి. కన్ను దగ్గరికి చూస్తే బండి కూడా దగ్గరికే వస్తుంది. రెండు రోజుల్లో నేను సీ1లో నేర్చుకున్నది ఇంతే, అయినా దీనికోసం మళ్ళీ వెళ్ళవచ్చు.

చిన్న బండ్లకు ఈ ట్రాక్ ఎంతో మంచి గురువు. ఆర్15 లాంటి 155 సీసీ బండికి స్ట్రెయిట్‌లో వేగం పెంచుకునే శక్తి తక్కువ కాబట్టి, మలుపులో ఒక్కసారి అనవసరంగా బ్రేకు ముట్టుకుంటే పోయిన వేగం తిరిగి రావడానికి సగం స్ట్రెయిట్ పడుతుంది. ఆ నష్టం వెంటనే స్టాప్‌వాచ్‌లో కనిపిస్తుంది. ఆర్‌సీ 390 మీద ఉన్న మా మిత్రుడు అదే తప్పు చేసి, ఇంజన్ బలంతో దాన్ని కప్పిపుచ్చుకుంటాడు. శనివారం సాయంత్రం శిక్షకుడు ఇద్దరి సమయాలూ పక్కపక్కన పెట్టి, మలుపుల దగ్గర ఆర్15 ఎక్కడ ముందుందో చూపించాక మా మిత్రుడు చాలాసేపు ఆ కాగితం చేతిలోంచి వదల్లేదు.

శిక్షణ విషయంలో నిర్వాహకులకు పూర్తి మార్కులు వేస్తాను. ఉదయం ఏడున్నరకు సమావేశం మొదలైంది, నలభై నిమిషాలు జరిగింది, అందులో సగం జెండాల గురించే. పసుపు జెండా కనిపిస్తే ముందు ప్రమాదం ఉంది, ఒకరినొకరు దాటకూడదు. పసుపు మీద ఎర్ర చారలుంటే తారు మీద జారుడు ఉంది. నీలం జెండా కనిపిస్తే వెనుక వేగంగా వచ్చేవాడున్నాడు, నీ దారిన నువ్వు నిలకడగా వెళ్ళు, అతనే దాటుకుంటాడు. ఎర్ర జెండా కనిపిస్తే సెషన్ ఆగిపోయింది, చేయి ఎత్తి, మెల్లగా పిట్‌లోకి రావాలి. ఇవి పుస్తకంలో చదవడం వేరు, ఒక పెద్దాయన జెండా చేతిలో పట్టుకుని, "ఇది మీకు అర సెకను కనిపిస్తుంది, ఆ అర సెకనులో మీరు ఎటు చూస్తుంటారు?" అని ఒక్కొక్కరినీ అడగడం వేరు. మొదటి సెషన్ అంతా శిక్షకుడి వెనుక వరుసగా, దాటకుండా తిరగాలన్న నియమం కూడా బాగుంది. అందరూ ట్రాక్ మీద పోవలసిన దారిని తొందర లేకుండా, కంటితో నేర్చుకున్నారు.

శనివారం మాకు ఒక్కొక్కరికి ఆరు సెషన్లు దొరికాయి. రాసిచ్చినది కూడా ఆరే. గుంపుల మధ్య ఆలస్యం ఐదు నిమిషాలు దాటలేదు. రైడర్ల సంఖ్యను గుంపుకు పది పన్నెండు మందికి మించకుండా చూశారు, దానివల్ల ఎవరికి వారు ఖాళీ తారు దొరికించుకోగలిగారు. ఇంతకుముందు మరోచోట ఒకే గుంపులో ముప్పై బండ్లను వదలడం చూసినవాణ్ణి కాబట్టి ఈ ఒక్క విషయానికే రుసుములో సగం చెల్లించవచ్చునంటాను.

టైర్ల గాలి గురించి ఒక మాట. మేము వాడేవి రోడ్డు టైర్లే, వాటికి టైర్లను ముందుగా వేడిచేసే దుప్పట్లు అవసరం లేదు, కానీ గాలి లెక్క రోడ్డుది పనికిరాదు. తిరిగే కొద్దీ టైరు వేడెక్కి లోపలి గాలి ఒత్తిడి పెరుగుతుంది, సుమారుగా ప్రతి పది డిగ్రీల సెల్సియస్‌కు ఒకటి నుంచి ఒకటిన్నర పాయింటు (పీఎస్‌ఐ). శనివారం మొదటి సెషన్‌కు చల్లగా ఉన్నప్పుడు 26 పెట్టాం, బండి లోపలికి రాగానే భాయ్ గేజీ పెడితే 31 చూపించింది. మధ్యాహ్నం తారు ఇంకా వేడెక్కాక అదే 26 కాస్తా 33 అయింది, మా తమ్ముడు వెనుక చక్రం జారుతోందన్నాడు. తరువాతి సెషన్‌కు 24తో మొదలుపెట్టాం, జారడం తగ్గింది. ప్రతి సెషన్ తరువాత, బండి ఆగిన రెండు నిమిషాల్లోపు కొలిచి రాసుకున్న అంకెలే ఆ రోజు మాకు చాలా ఉపకరించాయి. తమ్ముడి సమయం ఉదయం 2 నిమిషాల 31 సెకన్లు ఉన్నది సాయంత్రానికి 2 నిమిషాల 24 సెకన్లకు వచ్చింది. మా జట్టుకు అంతవరకు ఆ సమయం రాలేదు.

ఇప్పుడు తనిఖీ సంగతి. శనివారం ఉదయం బండ్లన్నిటినీ వరుసలో నిలబెట్టమన్నారు. ఒక యువకుడు చేతిలో స్టిక్కర్ల కట్టతో వచ్చాడు. హెల్మెట్ పట్టీ చూశాడు, అద్దాలు తీశారా లేదా చూశాడు, ట్యాంకు మీద స్టిక్కర్ అతికించి ముందుకు వెళ్ళాడు. ఒక్క బండి దగ్గర కూడా వంగలేదు. భాయ్ తానే కింద కూర్చుని, టార్చి వేసి, "ఇక్కడ వైర్ చూడు తమ్మీ, ఇక్కడ నీళ్ళు చూడు" అని పిలిచాడు. ఆ అబ్బాయి నవ్వి, మీరు సరిగ్గానే చేసుంటారు అని స్టిక్కర్ అతికించాడు. మాకు అది మర్యాదలాగా అనిపించింది, ఆ క్షణంలో అభ్యంతరం చెప్పలేదు. చెప్పి ఉండవలసింది. మా బండ్లు సరిగ్గా ఉండడం మాకు రక్షణ కాదు. మా ముందు పోయే బండి సరిగ్గా ఉండాలి, దాన్ని చూడగలిగేది నిర్వాహకుడు ఒక్కడే.

ఆదివారం ఉదయం మూడో సెషన్. నేను పిట్ గోడ దగ్గర ఉన్నాను. తమ్ముడు నాలుగో ల్యాప్ 2 నిమిషాల 23 సెకన్లలో తిరిగాడు, అది రాసుకుని వాచీ మళ్ళీ నొక్కాను. 2:20 దగ్గర తల ఎత్తి స్ట్రెయిట్ మొదటికి చూశాను. 2:25కు అతని ముందు పోయిన ఎరుపు బండి వచ్చి పోయింది. 2:30కి అతని వెనుక ఉండవలసిన ఇద్దరూ వచ్చారు. వాచీ 2:40 చూపిస్తుండగా గోడ దగ్గరి జెండా మనిషి ఎర్ర జెండా ఊపడం మొదలుపెట్టాడు. వాచీ ఆపాలన్న సంగతి నాకు తట్టలేదు. తరువాత గ్యారేజీలో జేబులోంచి తీసి చూస్తే అది 19 నిమిషాల మీద ఇంకా నడుస్తూనే ఉంది.

అక్కడ జరిగినదాన్ని మార్షళ్ళ నోట విన్నది, తమ్ముడు చెప్పినది కలిపి రాస్తున్నాను. కుడి మలుపులో పూర్తిగా వాలి ఉండగా ముందు చక్రం ఒక్కసారిగా జారింది. బండి కుడి పక్క మీద పడి మట్టిలోకి జారుకుంటూ పోయింది, అతను వీపు మీద దాని వెనుకే జారాడు. అతను ఆగేలోపే మలుపు దగ్గరి మార్షల్ పసుపు జెండా ఎత్తాడు, మరొకడు చారల జెండా పట్టుకున్నాడు, ఇద్దరు మట్టిలోకి పరుగెత్తారు. వాళ్ళు చేసిన మొదటి పని అతణ్ణి లేవనివ్వకపోవడం. ఒకడు హెల్మెట్‌ను రెండు చేతుల మధ్య కదలకుండా పట్టుకుని పేరు, ఊరు, ఈ రోజు ఏ వారం అని అడిగాడు. కాళ్ళూ చేతులూ కదిలించమన్నాడు. అంబులెన్సు వచ్చేవరకు అలాగే ఉంచారు. ఎర్ర జెండాకూ అంబులెన్సుకూ మధ్య రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ట్రాక్ వైద్యుడు మెడ, భుజం ఎముక, పక్కటెముకలు నొక్కి చూసి, విరిగినవేమీ లేవని తేల్చి, అయినా ఆ రోజుకు ఇక బండి ఎక్కవద్దన్నాడు. ఆ మార్షళ్ళకు మా జట్టు ఎంత కృతజ్ఞత చెప్పినా చాలదు. ఎండలో రోజంతా తమ పోస్టు దగ్గర నిలబడి, ఎవరూ పడనంతసేపూ ఎవరికీ కనిపించనివాళ్ళు.

తమ్ముడు గ్యారేజీకి వచ్చి మొదట అన్న మాట, "అన్నా, నేను బ్రేక్ పట్టలేదు." మేము నమ్మలేదు. నమ్మలేదని ఒప్పుకుంటున్నాను. వాలి ఉండగా ముందు బ్రేకు ముట్టుకుంటే సరిగ్గా ఇలాగే పడతారు, అంతకు ముందు ల్యాప్‌లో తన మంచి సమయం చూసుకుని తొందరపడి ఉంటాడని మా మిత్రుడూ నేనూ అనుకున్నాం, కొంచెం గట్టిగానే అన్నాం. భాయ్ ఏమీ అనలేదు. ట్రక్కు మీద వచ్చిన బండిని స్టాండుకు ఎక్కించి, ముందు టైరును మెల్లగా తిప్పుతూ చూశాడు. కుడి అంచు మీద, మట్టి కింద, అరచేతి పొడవున ఒక తడి మెరుపు ఉంది. వేలితో తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, ఆ వేలు మా ముందుకు చాపాడు. లేత ఆకుపచ్చ, తీపి వాసన. మా రేడియేటర్‌లో ఉన్నవి కుళాయి నీళ్ళు. మా తమ్ముడు పక్క కుర్చీలో కూర్చుని, సూటు భుజం దగ్గర తోలు అరిగి లోపలి పొర బయటపడిన చోటును చూసుకుంటున్నాడు. నేను వెళ్ళి అతని పక్కన కూర్చున్నాను.

అదే గుంపులో అతనికి ముందు తిరిగిన ఒక బండి గొట్టం క్లిప్పు వదులై కూలెంట్ కార్చిందని అరగంటలో తేలింది. ఆ బండి ట్యాంకు మీద కూడా తనిఖీ స్టిక్కర్ ఉంది. నీళ్ళు పోయాలన్న నియమం అతనికి తెలియదట, మెయిల్ పూర్తిగా చదవలేదట. అతన్ని నేను తప్పుపట్టను, మొదటిసారి వచ్చిన కుర్రవాడు, మా తమ్ముడి దగ్గరికి వచ్చి చేతులు పట్టుకుని క్షమాపణ చెప్పాడు. నిర్వాహకుల కార్యాలయానికి వెళ్ళి నేను మాట్లాడినప్పుడు మాత్రం, ట్రాక్ మీద ఇవి మామూలేనని, మేము సంతకం చేసిన హామీ పత్రం ప్రకారం ప్రమాదాల బాధ్యత రైడర్లదేనని జవాబు వచ్చింది. ఆ పత్రం మీద నేను పూర్తిగా చదివే సంతకం పెట్టాను. నా తప్పుకూ, ట్రాక్ సహజమైన ప్రమాదాలకూ నేనే బాధ్యుణ్ణి, ఒప్పుకుంటాను. నిర్వాహకులు తమ పత్రంలోనే రాసుకుని, స్టిక్కర్ వేసి సరిగ్గా ఉందని చెప్పిన విషయం ఆ కోవలోకి రాదు.

న్యాయంగా మరో విషయం కూడా చెప్పాలి. మధ్యాహ్న భోజనాల సమయంలో ముఖ్య శిక్షకుడు, జెండాల పాఠం చెప్పిన ఆ పెద్దాయనే, ఎవరూ అడగకుండా బండ్లన్నిటినీ మళ్ళీ వరుసలో నిలబెట్టించారు. మోకాళ్ళ మీద కూర్చుని, టార్చితో ప్రతి డ్రైన్ బోల్టూ, ప్రతి గొట్టం క్లిప్పూ చూశారు, రేడియేటర్ రిజర్వాయరులో రంగు చూశారు. దాదాపు నలభై బండ్లు. నేను వాచీ పెట్టి చూశాను, ఒక గంటలోపే అయిపోయింది. నాలుగు బండ్లను వెనక్కి పంపారు, వాటిలో రెండింటిలో కూలెంట్ ఉంది, ఒకదానికి ఆయిల్ ఫిల్టరు దగ్గర తడి ఉంది, మరొకదాని చైను బాగా వదులై వేలాడుతోంది. శనివారం ఉదయం ఆ ఒక గంట దొరికి ఉంటే మా తమ్ముడు పడేవాడు కాదు. రెండు రోజుల ఏర్పాటులో ఒక గంటను పక్కన పెట్టలేకపోవడమే ఈ సేవ మీద నా ఫిర్యాదు మొత్తం.

మిగిలిన సౌకర్యాలు త్వరగా చెప్పేస్తాను. గ్యారేజీలో నీడ, కరెంటు ప్లగ్గు, తాగే నీళ్ళు ఉన్నాయి. మరుగుదొడ్లు శుభ్రంగా ఉన్నాయి. మధ్యాహ్నం సాంబారన్నం, పెరుగన్నం పెట్టారు, రుచిగా ఉన్నాయి, కానీ తోలు సూట్లలో నీళ్ళు కారుతున్నవాళ్ళకు ఉప్పు వేసిన మజ్జిగ ఇస్తే ఇంకా మేలు. ఫోటోలు తీసేవాళ్ళు విడిగా డబ్బు తీసుకుంటారు, అవసరం లేదనుకున్నాం. మోటారు క్రీడల ఫెడరేషన్ ఇచ్చే లైసెన్సు ఇలాంటి రోజులకు అడగరు, పోటీలకు మాత్రం అది ఉండాలి.

మా నష్టం లెక్క ఇది. ఆర్15కు కుడి హ్యాండిల్ వంగింది, బ్రేకు లీవరు కొస విరిగింది, ఫుట్‌పెగ్ సగం అరిగిపోయింది, ఫెయిరింగ్ కుడి పక్క పగిలింది. ఇవన్నీ పుత్లీబౌలిలో, రాణిగంజ్‌లో వెతికి పట్టుకోగలిగినవే. హెల్మెట్ నేలకు తగిలింది కాబట్టి బయటికి బాగానే కనిపిస్తున్నా దాన్ని ఇక వాడకూడదు, లోపలి థర్మోకోల్ లాంటి పొర ఒక్క దెబ్బకే పనికొచ్చేలా తయారవుతుంది. కొత్తది కొన్నాం. సూటు భుజం దగ్గర కుట్టించవచ్చు. వీపు రక్షణ పలక పక్కకు కూడా కదల్లేదు, దాన్ని కొనేటప్పుడు ఖర్చెక్కువని నేనే ఒకసారి వద్దన్నాను. ఇంటికి వచ్చాక భాయ్ మిగతా రెండు బండ్లలో నీళ్ళు తీసేసి మళ్ళీ కూలెంట్ పోశాడు, వట్టి నీళ్ళు నిలవ ఉంటే రేడియేటర్ లోపల తుప్పు పడుతుంది.

పిన్నికి సంగతి నేనే చెప్పాను. ఫోనులో కాకుండా ఇంటికి వెళ్ళి, తమ్ముణ్ణి పక్కన నిలబెట్టి చెప్పాను. ఆమె అంతా విని, "నాన్నా, మళ్ళీ పోతారా?" అని అడిగింది. పోతాం పిన్నీ, కానీ తనిఖీ సరిగ్గా చేసేవాళ్ళ దగ్గరికే పోతాం అన్నాను. ఆమె అడిగింది నన్ను కాబట్టి, ఆ మాటకు నేనే కట్టుబడాలి.

కాబట్టి ఈ సేవను ఎవరికి సిఫారసు చేస్తానంటే, మొదటిసారి ట్రాక్ చూడదలచిన హైదరాబాద్ కుర్రవాళ్ళకు, ముఖ్యంగా చిన్న బండ్లున్నవారికి, తప్పకుండా. ఇంత తక్కువ మంది గుంపులూ, ఇంత ఓపికగల శిక్షకులూ మాకు మరోచోట దొరకలేదు. కానీ శనివారం ఉదయం స్టిక్కర్ మనిషి వచ్చినప్పుడు, మీ బండి ఎంత బాగా సిద్ధమైనా సరే, పక్క బండి కిందికి కూడా వంగి చూడమని గట్టిగా అడగండి. మొహమాటపడకండి.

ఇంటికి వచ్చిన మూడో రోజున నిర్వాహకులకు నేను మెయిల్ రాశాను. రెండే అడిగాను. మొదటి సెషన్‌కు ముందు ప్రతి బండినీ కింది నుంచి చూసే తనిఖీకి విడిగా ఒక గంట కేటాయిస్తారా? ఆ తనిఖీ ఎవరు చేస్తారు? మొదటిదానికి కేటాయిస్తామని జవాబు వచ్చింది. రెండోదానికి ఇంకా రాలేదు. నవంబరు తేదీలకు మా మూడు బండ్ల పేర్లూ జాబితాలో ఉన్నాయి, రుసుము ఇంకా కట్టలేదు.